లాంఛనధారిని ప్రశ్నింపవచ్చునా?





మన ఇండ్లలో పిల్లలకు మొదట నేర్పు మర్యాద లాంఛనమును చూచినంతనే చేతులు జోడించుట. నొసట విభూతి, వక్షమున లింగము, భుజమున జోలె గల జంగమమూర్తి వాకిట నిలిచినచో, పేరూ ఊరూ అడుగకమునుపే కాళ్లకు నీళ్లిచ్చుట మన పెద్దల ఆచారము. అడిగిన తరువాత ఇచ్చునది దానము గావచ్చును గాని దాసోహము కాదని మా నాయనగారు చెప్పుచుండెడివారు. ఈ ఆచారములోనే పుట్టి పెరిగిన నాకు ఏబది యైదేండ్ల వయసున ఒక ధర్మసందేహము కలిగినది. లాంఛనమును ధరించి వచ్చినవానిని ప్రశ్నింపవచ్చునా? ప్రశ్నించినచో భక్తికి లోపము గలదా? ఈ సందేహము గ్రంథపఠనమువలన కలిగినది కాదు. మా శంషాబాదు ప్రాంతమున నా కన్నులయెదుట, కొంతవరకు నా తప్పిదమువలననే, జరిగిన ఒక సంగతివలన కలిగినది. ఆ ఇంటివారి అనుమతితో, పేర్లు విడిచి, దానిని మీకు నివేదించుచున్నాను.

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చి నెలలో ప్రారంభమైనది. దానికొఱకు సుమారు 5,500 ఎకరముల భూమి సేకరింపబడినది. నేను చెప్పబోవు గృహస్థు అట్లు భూమి పోయిన రైతులలో ఒకడు. మన సమాజమువాడు. నిత్యము లింగార్చన చేయక ముద్ద ముట్టడు. ఆయన కుమారుడు నా విద్యార్థి, డిగ్రీ ముగించినాడు. పొలము పోయిన చోటనే బిడ్డకు కొలువు దొరకవలెనని ఆ తండ్రికి పదునైదేండ్ల కోరిక. అందులో తప్పేమున్నది?

ఒకనాటి సాయంకాలము తండ్రీకొడుకులు ఇద్దరును మా ఇంటికి వచ్చినారు. తండ్రి ముఖము వెలిగిపోవుచుండెను.

“సారూ, పిలగానికి ఏర్‌పోర్టుల నౌకరి దొరికింది. మీరు జర ఈ కాయిదం సూడుండ్రి. మీరు సూస్తె మాకు ధైర్నం.”

ఫోనులో వచ్చిన నియామకపత్రమును అచ్చు తీయించి తెచ్చినారు. పైన విమానాశ్రయ సంస్థ గుర్తు. క్రింద గుండ్రని ముద్ర, సంతకము. జీతము, సెలవులు, ఉచిత రవాణా, అన్నియు వరుసగా వ్రాసియున్నవి. నమోదు రుసుము 1,850 రూపాయలు అప్పటికే కట్టినారు. ఇక దుస్తులకును గేటు పాసునకును 6,500 రూపాయలు కట్టవలెనట. ఉద్యోగములో చేరిన నెలలోనే తిరిగి ఇచ్చెదరట.

ముప్పది సంవత్సరములుగా పిల్లల వ్రాతలలో తప్పులు దిద్దుచున్న వాడను నేను. ఆ పత్రములో శంషాబాదు పేరు రెండు చోట్ల రెండు విధములుగా వ్రాసియుండుట నా కంటబడినది. పంపినవారి మెయిలు చిరునామాలో ‘ఎట్’ గుర్తునకు ముందు విమానాశ్రయము పేరున్నను, తరువాత ఉన్నది జీమెయిలు. అదియు చూచితిని. అయినను ఆ ముద్రయు ఆ గుర్తును నా నోరు కట్టివేసినవి. ఇంత పెద్ద సంస్థవారి పత్రమును నేనా శంకించుట అనిపించినది. ఆ తండ్రి సంతోషమును చెరుపుటకు మనసొప్పలేదనుటయు నిజమే. “శుభము” అంటిని. ఆ ఒక్కమాట విని వారు వెళ్లినారు.

తరువాత శిక్షణకని 14,000, వైద్యపరీక్షకును బీమాకును అని 12,000 అడిగినారు. చివరి మొత్తము కొఱకు ఆ తల్లి పుస్తెలతాడు కుదువకు పోయినది. మొత్తము 34,350 రూపాయలు. చెప్పిన తేదీన ఆ బాలుడు ఇస్త్రీ చొక్కా తొడిగికొని, ఉదయము ఆరు గంటలకే పత్రము పట్టుకొని విమానాశ్రయ ద్వారమున నిలిచినాడు. కావలి జవాను దానిని చదివి, “బాబూ, ఇది మావారిది కాదు, నిన్నెవరో మోసగించినారు” అని మెల్లగా చెప్పి పంపినాడట. ఆ జవాను కసరుకొననందుకు నేనిప్పటికిని మనసులో నమస్కరించుచుందును.

మా ఊరి మిద్దెలపైనుండి చూచినచో దిగుచున్న విమానముల చక్రములు కనబడును. ఆ కార్యాలయము మాకు పది కిలోమీటర్ల దూరమైనను లేదు. అయినను పోయి అడుగవలెనని తండ్రికిగాని కొడుకునకుగాని తోచలేదు. వారికి పెద్దదిక్కుగా నున్న నాకును తోచలేదు. ఎదుటనున్న ద్వారమును విడిచి, ఎక్కడనుండియో పలుకుచున్న ఫోనును నమ్మితిమి. అక్కడి విమానాశ్రయమును నిర్వహించు జి.ఎం.ఆర్. వారును, ఇండిగో వంటి విమానసంస్థలవారును ఉద్యోగములకు తాము ఎవ్వరివద్దను రుసుము పుచ్చుకొనమని బహిరంగముగనే ప్రకటించియున్నారు. అది చదువుటకు మాకు అయిదు నిమిషములు పట్టియుండెడిది.

ఆనాటి రాత్రి నాకు మెయ్‌పొరుళ్ నాయనారు కథ జ్ఞప్తికి వచ్చినది. అరువదిమువ్వురు పురాతన భక్తులలో ఆయన యొకడు. చేది దేశమునకు రాజు, తిరుక్కోవలూరు రాజధాని. 12వ శతాబ్దమున శేక్కిళారు రచించిన పెరియపురాణములో ఆయన చరిత్ర ఉన్నది. యుద్ధములో ఆయనను గెలువలేని ముత్తనాథుడను శత్రువు ఒడలెల్ల విభూతి పూసి, జడలు ముడిచి, పుస్తకపు కట్టలో కత్తి దాచి, రాత్రివేళ కోటకు వచ్చినాడు. లాంఛనము చూచి ద్వారపాలకులందరు దారి యిచ్చిరి. లోపలి వాకిట దత్తుడను సేవకుడు మాత్రము రాజు నిద్రించుచున్నాడు, ఇది సమయము కాదు అని ఆపబోయెను. కపటి వినక లోనికి దూసికొని పోయెను. రాజు లేచి మ్రొక్కగా, ఎక్కడను లేని ఆగమమొకటి తెచ్చితిననియు, దానిని ఉపదేశించుటకు ఏకాంతము కావలెననియు పలికెను. రాజు రాణిని ఆవలికి పంపి, తాను నేలపై కూర్చుండి తల వంచెను. అప్పుడు పుస్తకమునుండి కత్తి వెలువడెను.

ఈ కథను నేను మన గోష్ఠులలో ఎన్నిసార్లు చెప్పియుందునో లెక్కలేదు. చెప్పినప్పుడెల్ల రాజుగారి భక్తినే కొనియాడితిని. దత్తుడు కత్తి దూయగా, పడిపోవుచుండియు రాజు వారించి, లాంఛనధారికి అపాయము కలుగరాదని, అతనిని ఎల్లదాక క్షేమముగా సాగనంపుమని ఆజ్ఞాపించుట వినినవారి కన్నులు చెమర్చును. ఈ పర్యాయము మాత్రము నా మనస్సు కపటి చేసిన పనులపై నిలిచినది. అకాలమున వచ్చుట. పూజ్యమైన లాంఛనమును ధరించుట. అడ్డువచ్చినవానిని లెక్కచేయక త్వరపెట్టుట. ఏకాంతము కోరుట. ప్రక్కనున్న ఇల్లాలిని ఆవలికి పంపించుట. తొమ్మిది వందల ఏండ్లనాటి ఈ కథలో నేటి దొంగ విద్య సాంగముగా ఉన్నది!

నమ్మకము కలుగకున్నచో ‘డిజిటల్ అరెస్టు’ అను పేర జరుగుచున్న దానిని చూడుడు. వృద్ధదంపతుల ఇంట ఫోను మ్రోగును. “మీ పేర విదేశమునకు పోవు పార్సెలు విమానాశ్రయములో కస్టమ్సువారు పట్టుకొన్నారు, అందులో మత్తుపదార్థములున్నవి” అందురు. ఫోనును పోలీసు అధికారికి కలిపితిమందురు. వీడియోలో ఖాకీ దుస్తులు, వెనుక గోడపై జాతీయచిహ్నము. “మీ పిల్లలకు చెప్పరాదు, తలుపు తీయరాదు, కెమెరా ఎదుటనుండి కదలరాదు” అని శాసింతురు. కడకు, విచారణ ముగియువరకు సొమ్మంతయు మేము చెప్పిన ఖాతాలో ఉంచుమందురు. రాణిని ఆవలికి పంపిన తరువాతనే గదా కత్తి వెలువడునది. 2024 అక్టోబరు 27 నాటి ‘మన్ కీ బాత్’ ప్రసంగములో ప్రధానమంత్రియే ఈ మోసమునుగూర్చి ప్రజలను హెచ్చరించినారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తానుగా దీనిని విచారణకు స్వీకరించి, డిసెంబరు 1న దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. ఈ విధమైన మోసములన్నియు కలిసి 2024వ సంవత్సరమున ఈ దేశప్రజలు పోగొట్టుకొన్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర హోం శాఖ పార్లమెంటునకు తెలిపినది.

చట్టము చెప్పునదేమి? 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షను ప్రకారము, అరెస్టు చేయు అధికారి తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు పత్రము వ్రాసి, దానిపై ఆ కుటుంబములో ఒకనిచేతనో, ఆ వీధిలో గౌరవనీయుడైన ఒకనిచేతనో సాక్షిసంతకము చేయింపవలెను. అనగా నిజమైన పోలీసు ఇంటివారిని పిలుచును. దొంగపోలీసు ఇంటివారిని తొలగించును. ఫోనులో అరెస్టు చేయుట అనునది ఈ దేశపు ఏ చట్టములోను లేదు. కస్టమ్సువారి సంగతియు ఇట్టిదే. 2019 నవంబరునుండి వారి ఉత్తరములపై ఒక గుర్తింపు సంఖ్య వేయు పద్ధతి వచ్చినది. అది సత్యమో కాదో వారి వెబ్‌సైటులో ఎవరైనను చూచుకొనవచ్చును. సొంత ఖాతాలో సుంకము కట్టుమని వారు ఫోను చేయరు.

ఇక మొదటి సందేహమునకు వచ్చెదను. మెయ్‌పొరుళ్ నాయనారు ప్రశ్నింపలేదు గదా, మనమేల ప్రశ్నింపవలె నని అడుగువారు గలరు. ఒక వృద్ధ జంగమయ్యగారు నన్ను నిజముగనే అడిగినారు. బసవపురాణములో వంకాయలను లింగములవలె కట్టుకొని వచ్చిన దొంగలను బసవేశ్వరుడు పూజింపలేదా అనియు గుర్తుచేసినారు. నిజమే, పూజించినాడు, ఆ మహిమవలన వంకాయలే లింగములైనవి. నేనేమి విన్నవించితి ననగా: అయ్యా, నాయనారు అర్పించినది తన ప్రాణము. అది ఆయన సొత్తు. నా మాటవలన పోయినది ఒక ఇల్లాలి పుస్తెలతాడు. అది నా సొత్తు కాదు. పరుల కాయకఫలమును దొంగపాలు చేసి దానికి భక్తియని పేరు పెట్టుటకు నాకు అధికారము లేదు. అదియునుగాక, ఆ వంకాయల దొంగ అయినను లాంఛనమును తన ఒంటిపై మోసికొని బసవని యెదుట నిలిచినాడు, ఎదుటనున్నవానిని మార్చవచ్చును. తెరపై కనబడు గుర్తు ఎవ్వరి ఒంటిపైనను లేదు. అది ఎక్కడనుండియో నకలు దించిన బొమ్మ. దానికి మ్రొక్కినను అవతల మారువాడెవ్వడు?

అయ్యగారు కొంతసేపు ఊరకుండి, “అయితే అడుగుట తప్పు కాదందువా?” అన్నారు.

కాదని బసవేశ్వరుని చరిత్రయే చెప్పుచున్నది. కళ్యాణములో బిజ్జలుని కోశాగారమునకు ఆయన అధికారి. భండారపు ధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు రాజునకు చెప్పిరి. అప్పుడు బసవన్న నన్నే శంకింతువా యని కోపింపలేదు; తన భక్తిని అడ్డుపెట్టుకొనలేదు. లెక్క చూచుకొమ్మని భండారము తెరిపించినాడు. ఒక్క మాడయైనను తక్కువ కాలేదని పురాణము. మహిమల మాట అటుంచి, ఆ తెరచిన తలుపును చూడుడు. సత్యవంతుడు లెక్క అడిగినందుకు నొచ్చుకొనడు. మనము “మీ సంస్థకు మేమే ఫోను చేసి కనుగొందుము” అన్నప్పుడు నిజమైన బ్యాంకు ఉద్యోగి “మంచిది, అట్లే చేయుడు” అనును. దొంగ కోపించును, భయపెట్టును, “ఇప్పుడే, ఈ క్షణమే” అనును.

మన ఆచారములోనే ఈ ప్రశ్న ఉన్నది గదా! ఏ మఠము, ఏ గురువని మన పెద్దలు అడుగుచునే యుండిరి. ఇష్టలింగము మనకు గాలిలోనుండి రాలేదు. ఫలానా దినమున, ఫలానా గురువు, తల్లిదండ్రుల సమక్షమున మన అరచేతిలో ఉంచినాడు. ఆ చేయి మనకు తెలియును. ఫోనులో వచ్చు ముద్ర ఏ చేతినుండి వచ్చినదో మనకు తెలియునా? తెలియనప్పుడు తెలిసిన ద్వారమునకే పోవలెను. బ్యాంకు పాసుపుస్తకముపై అచ్చయిన సంఖ్య, ఊరిలోని పోలీసుఠాణా, విమానాశ్రయ కార్యాలయము, మఠపు గడప. వచ్చిన సందేశములోనే ఉన్న సంఖ్యకు ఫోను చేసి “మీరు నిజమేనా” అని అడుగుట దొంగనే సాక్ష్యమునకు పిలిచినట్లగును.

వెబ్‌సైటు చిరునామాలనుగూర్చి పండితుడనై ఒక మాట చెప్పనిండు. తత్పురుష సమాసములో ఉత్తరపదము ప్రధానము. రాజభటుడనగా భటుడే గాని రాజు కాడు. ఈ చిరునామాలును అట్టివే. చివరి పదమే ప్రధానము. ముందు విమానాశ్రయమనియు, దేవస్థానమనియు, బ్యాంకు అనియు ఎవ్వడైనను చేర్చుకొనవచ్చును. చివర ఏమున్నదో చూడవలెను. ప్రభుత్వపు చిరునామాలు ‘గవ్ చుక్క ఇన్’ అని ముగియును. బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ చుక్క ఇన్’ అని ముగియు చిరునామాలకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. నాకు వ్యాకరణము వచ్చియు, ఆ నియామకపత్రపు మెయిలులో ఉత్తరపదము జీమెయిలని చూచియు, రాజభటుని రాజని భ్రమించితిని.

మఠములవారికి ఒక విన్నపము. ఈ దొంగలు మీ గడపకును వచ్చినారు. నాకే ఒక మఠాధిపతులవారి చిత్రముతో వాట్సాపు సందేశము వచ్చినది. అన్నదాసోహమునకు వెంటనే 5,000 రూపాయలు పంపుమనియు, తాము పూజలో ఉన్నందున ఫోను చేయవలదనియు దానిలో నుండెను. ఈసారి మఠమునకు పోయి అడిగితిని. స్వాములవారు నవ్వి, తమకు అట్టి ఫోనే లేదన్నారు. శ్రీశైలమున గదుల పేర, తిరుమల సేవల పేర దొంగ వెబ్‌సైట్లు వెలసి భక్తులను దోచినవి. కావున మఠపు ఖాతా సంఖ్యను, ఖాతాలోని పేరును గోడపై వ్రాయించుడు. రసీదులపైనను ఈ పత్రికలోను అచ్చు వేయించుడు. స్వాములవారి పేర ఎవ్వరి సొంత ఫోనునకును సొమ్ము పంపనక్కరలేదని ప్రతి పర్వదినమునను చెప్పుడు. భక్తులును సొమ్ము పంపునప్పుడు తెరపై వచ్చు ఖాతాదారుని పేరు చదువవలెను. రహస్యసంఖ్య నొక్కుట సొమ్ము ఇచ్చుటకే, పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఇంతమాత్రము తెలియక మోసపోయినవారిలో లెక్కల మాస్టర్లును ఉన్నారు.

ఆ బాలుని సంగతి చెప్పవలెను. ద్వారమునుండి తిరిగి వచ్చి తొమ్మిది దినములు ఎవ్వరికిని చెప్పలేదు. నవ్వెదరని సిగ్గు. నాకు తెలిసిన దినమున ఇద్దరమును 1930 సంఖ్యకు ఫోను చేసితిమి. ఇట్టి మోసములలో సొమ్మును దారిలోనే ఆపుటకు కేంద్రప్రభుత్వము 2021లో ఏర్పరచిన వ్యవస్థకు ఇది ఫోను సంఖ్య. దొంగలు సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు గంటలలో తరలింతురు. మొదటి గంటలలో చెప్పినచో నడుమ ఎక్కడనో ఒకచోట దానిని నిలుపుటకు వీలుండును. మేము తొమ్మిది దినములకు చెప్పితిమి. అయినను చివర కట్టిన 12,000 రూపాయలలో 7,400 ఒక ఖాతాలో చిక్కి, కొన్ని నెలలకు లోక్ అదాలతు ద్వారా తిరిగి చేతికి వచ్చినవి. మిగిలినది పోయినది. పుస్తెలతాడు విడిపించుటకు తక్కువైన దానిలో సగము నేను పెట్టుకొంటిని. ఆయన వలదన్నాడు. నా నోటినుండి వచ్చిన “శుభము” అను మాటకు వెల అది అని ఒప్పించితిని.

మోసపోయినవానిని చూచి “చదువుకొన్నవాడివి, ఆ మాత్రము తెలియదా” అను మాట మన ఇండ్లలో వినబడుచున్నది. ఆ మాటయే ఆ తొమ్మిది దినముల మౌనమునకు కారణము. అనుభవమంటపములో మాచయ్య మడేలయినను, హరళయ్య చెప్పులు కుట్టువాడయినను తన అనుభవమును తానే పలికెను, ఎవ్వరును నవ్వలేదు. మా గోష్ఠిలో ఆ బాలుడు లేచి తన కథ తానే చెప్పినాడు. చెప్పుచుండగానే మరి ఇద్దరు లేచినారు, ఒకరు విశ్రాంత ఉద్యోగి, ఒకరు పాలవ్యాపారము చేయు తల్లి. వారికి జరిగి రెండేండ్లు దాటినదట, ఇంటిలోనైన చెప్పలేదట.

మరియొక సంగతి మరచితిని. “నీ బ్యాంకు ఖాతా మాకు వాడుకొనుటకు ఇమ్ము, నెలకింత ఇచ్చెదము” అని కళాశాల పిల్లలను అడుగువారు మా ప్రాంతమున తిరుగుచున్నారు. దోచిన సొమ్ము అట్టి ఖాతాల గుండనే పోవును. పోలీసులు మొదట వచ్చునది ఆ ఖాతా ఎవ్వరి పేర నున్నదో వాని ఇంటికే. తల్లిదండ్రులు ఈ మాట ఈ రాత్రియే పిల్లలను అడుగవలెను.

వచ్చు సోమవారము గోష్ఠికి వచ్చువారు, అర్థముకాని ఉత్తరముగాని సందేశముగాని ఉన్నచో వెంట తెండు. ఆ బాలుడును నేనును ముందుగానే వచ్చి కూర్చుందుము. ఈసారి ఎర్రసిరా కలము మరువను.